గంటలక్క కొలిచిన వెలుగు

మా వదినను ఆమె పనిచేసే ఫ్యాక్టరీలో అందరూ గంటలక్క అంటారు. ఆ పేరు కొత్తగా విన్నవాళ్ళు ఆమె ఏదో బడిలో గంట కొట్టే ఉద్యోగం చేస్తుందనుకుంటారు. ఆమె భర్త, అంటే మా తోడల్లుడు, బస్సు డ్రైవరు. ఎవరైనా అలా పొరబడితే సరిదిద్దడు. "అవునండీ, పొద్దున్నే మా ఇంట్లో కూడా ఆవిడే కొడుతుంది" అని ఊరుకుంటాడు.

ఆమె లెక్కపెట్టే గంటలు వేరు. అది టీవీలు తయారుచేసే ఫ్యాక్టరీ. దాని వెనక భాగంలో కిటికీలు లేని పెద్ద గది ఒకటి ఉంది. అందులో నలభై ఎనిమిది టీవీలు ఏడాది పొడుగునా ఆపకుండా వెలుగుతూ ఉంటాయి. ఏ సెట్టు ఎన్ని గంటలు వెలిగింది, అన్ని గంటలకి దాని వెలుగు ఎంత తగ్గింది, కొలిచి పుస్తకంలో రాయడం మా వదిన పని. పందొమ్మిదేళ్ళుగా అదే పని. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. మూడువందల పేజీల పుస్తకంలో ఒక్క వట్రుసుడి జారిపోయినా పట్టుకుంటానని నా కంటి మీద నాకు కాస్త గర్వం ఉండేది. వదిన కన్ను ఎలాంటిదో తెలిశాక ఆ గర్వం గురించి మాట్లాడడం మానేశాను.

ముప్ఫై మూడేళ్ళ వయసులో ఆమె అక్కడ చేరింది ప్యాకింగులో. సెట్టు బెల్టు మీద వస్తుంది, చివరిసారి ఒక్క నిమిషం వెలిగించి చూస్తారు, తర్వాత థర్మాకోల్ తొడిగి అట్టపెట్టెలో పెడతారు. చేరిన రెండో నెలలో ఒక మధ్యాహ్నం ఆమె ఒక సెట్టుకి థర్మాకోల్ తొడగకుండా పక్కన పెట్టేసింది. సూపర్‌వైజరు వచ్చి ఎందుకని అడిగాడు.

"కింద ఎడమ మూల పసుపు కొడుతోందండి."

అతను వంగి చూశాడు, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఏమీ కనిపించలేదు. పైనుంచి పాస్ చేసి పంపారు కదా అన్నాడు. ఆమె వాదించలేదు, అలాగని సెట్టును పెట్టెలో పెట్టనూ లేదు. చేతులు కట్టుకుని నిలబడింది. వెనక బెల్టు ఆగిపోయింది. గొడవ వదిలించుకుందామని అతను లోపలినుంచి రంగూ వెలుగూ కొలిచే మీటరు తెప్పించాడు. మూల నిజంగానే పసుపు. మామూలు మనిషి కన్ను పట్టుకోగలదని ఎవరూ అనుకోనంత చిన్న తేడా. ఆ సాయంత్రమే ఆమెను కిటికీలు లేని గదికి మార్చారు.

ఆ గదిని నేను ఒకే ఒక్కసారి చూశాను. ఏడాదికొకసారి ఉద్యోగుల ఇంటివాళ్ళను ఫ్యాక్టరీ లోపలికి రానిచ్చే రోజు ఉంటుంది. నేనూ మా ఆవిడా వెళ్ళాం. వదిన మెడ నుంచి మోకాళ్ళ దాకా నల్ల కోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. లేత రంగు బట్టలైతే వాటి మీద పడ్డ వెలుతురు మళ్ళీ తెరమీద పడి కొలత చెడుతుందట. మా ఆవిడ అక్కను చూసి నవ్వాపుకోలేక, "కేసేమిటి ప్లీడరుగారూ" అంది. వదిన కూడా నవ్వి మా ఇద్దరికీ చెరో నల్ల కోటు ఇచ్చింది. తలుపు తీసింది.

మొదట వేడి తగిలింది. తర్వాత ఎరుపు. మూడు గోడలకీ ఇనప ర్యాకులు, వాటిలో వరసలు వరసలుగా నలభై ఎనిమిది తెరలు, అన్నీ ఒకే ఎరుపు. చప్పుడు లేదు. మా చేతులు, ముఖాలు, పైకప్పు, నేల, అంతా ఎరుపు. ఉన్నట్టుండి, కళ్ళు మూసి తెరిచేంతలో, అన్నీ ఒక్కసారే నీలమయ్యాయి. నాకు నిజంగా కాళ్ళకింద నీళ్ళున్నట్టనిపించి పక్కనున్న ర్యాకు పట్టుకున్నాను. నీలం ఆకుపచ్చ అయింది. ఆకుపచ్చ పోయి తెలుపు వచ్చింది. ఆ తెలుపులో మేం ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. పొద్దుటినుంచీ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్న మా ఆవిడ అప్పుడు గుసగుసగా అడిగింది.

"ఇవి ఇలాగే ఎన్నాళ్ళు వెలుగుతాయక్కా?"

"వెలుగు సగానికి పడిపోయేదాకా. సగమైతే ఆయుష్షు తీరినట్టు లెక్క."

"అంటే?"

"ముప్ఫై మూడు వేల గంటలు, అటూ ఇటూగా. రోజుకి ఐదు గంటలు చూసే ఇంట్లో పద్దెనిమిదేళ్ళు. ఇక్కడ నాలుగేళ్ళు కూడా పట్టదు."

వదిన ఒక సెట్టు ముందు మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, మీటరు బిగించి, తన తలమీదుగా తెరదాకా నల్లగుడ్డ కప్పుకుంది. తెరమీద తొమ్మిది చోట్ల కొలవాలి. ఒక్కో చోటా ఊపిరి బిగబట్టి నిలబడేది. మొత్తం నలభై ఎనిమిదీ కొలిచేసరికి వారం గడిచిపోతుంది, మళ్ళీ మొదటిదానితో మొదలు. ఎవరి ఇంట్లోనో పద్దెనిమిదేళ్ళపాటు సాగాల్సిన సాయంత్రాలన్నీ ఈ గదిలో ముందే గడిచిపోతున్నాయి. వాటిని చూస్తున్న ఏకైక మనిషి మా వదిన.

గొడవ మొదలైంది ఆ మరుసటి ఏడాది. కొత్తగా పెద్ద ఇంజనీరు ఒకాయన బదిలీ మీద వచ్చాడు. మర్యాదస్థుడే. పుస్తకాలన్నీ తెప్పించుకుని రెండు వారాలు చదివాడు. ఆ తర్వాత వదినను పిలిచాడు. అక్కడ జరిగిన మాటలు ఆమె మా ఇంట్లో కూర్చుని చెప్పింది.

"ఈ నలభై ఎనిమిదో సెట్టు కొలతలు మీ చేతిరాతేనా అమ్మా?"

"నాదేనండి."

"ఇరవై ఆరు వేల గంటలు నడిచింది. మిగతావన్నీ నూటికి నలభై దాకా తగ్గిపోయాయి. ఇదొక్కటే పదహారు తగ్గింది. నమ్మేలా ఉందా?"

"నాకూ నమ్మేలా లేదండి. మీటరు చూపించింది మాత్రం అదే."

ఆయన గొంతు పెంచలేదట. మధ్యలో ఎవరో సెట్టు మార్చి ఉండాలి, లేదా కొలవకుండానే రాసి ఉండాలి, తాను పైవాళ్ళకి రాసేలోపు ఆమెకు గుర్తొచ్చిందేదైనా ఉంటే చెప్పమన్నాడట. పందొమ్మిదేళ్ళలో ఆమెను ఆ మాట అన్నవాళ్ళు లేరు. మా తోడల్లుడికి కోపం ముక్కుమీదికి వచ్చింది. "రేపు నేనొస్తా నీతో" అన్నాడు. ఆమె అతనివైపు చూసి, "వచ్చి ఏం చేస్తావు, హారన్ కొడతావా" అంది. అతనికి కూడా నవ్వక తప్పలేదు.

మర్నాడు ఆమె ఇంజనీరును ఒక్క అనుమతి అడిగింది. ర్యాకుల వెనక, గోడకీ సెట్లకీ మధ్య, మనిషి పక్కకి తిరిగితే పట్టేంత సందు ఉంటుంది. దానికి ఇనప తీగల జాలీ బిగించి ఉంటుంది, వైరింగువాళ్ళు తప్ప ఎవరూ పోరు. ఆ జాలీ తీయించమంది. అన్నేళ్ళలో ఆమె సెట్లను ముందునుంచి చూసిందే గానీ వాటి వీపు ఎప్పుడూ చూడలేదు. కోటు విప్పేసి, కడుపు లోపలికి బిగబట్టుకుని, ఆ సందులో దూరింది. పిల్లలకి జ్వరం చూసినట్టు ఒక్కో సెట్టు వీపుకీ చెయ్యి తిప్పి ఆనించుకుంటూ మూడు గోడల పొడుగునా నడిచింది. అన్నీ ఒకటే కాలుతున్నాయి. కింది వరసలో చిట్టచివరి మూలనున్న నలభై ఎనిమిదో దాని దగ్గర చెయ్యి ఆగింది. అది గోరువెచ్చగా ఉంది. దాని వెనక, నేలకి జానెడు ఎత్తులో, చల్లగాలి గొట్టం అతుకు ఒకటి వదులై ఉంది. అందులోంచి సన్నగా గాలి వస్తోంది. గదిలో వేడి చూపించే సాధనం నడిమధ్య వేలాడుతుంది కాబట్టి దానికి ఈ సంగతి తెలియదు.

ఆమె బయటికి వచ్చి, జుట్టుకి అంటుకున్న దుమ్ము దులుపుకుని, ఇంజనీరుతో చెప్పింది. "దీన్ని తీసి నట్టనడుమ ఇరవై ఒకటో దాని చోట పెట్టండి. ఆ ఇరవై ఒకటిని ఇక్కడికి తెండి. పన్నెండు వారాలు ఆగండి. ఆ పన్నెండు వారాలూ నేను కొలవను. మీరే కొలవండి."

ఆయన ఒప్పుకున్నాడు. ఆమెను తాత్కాలికంగా ప్యాకింగుకి పంపారు.

సరిగ్గా ఆ పన్నెండు వారాల మధ్యలోనే మా ఇంట్లో టీవీ పోయింది. మా మామగారు, అంటే వదిన తండ్రి, మా దగ్గరే ఉంటారు. ఆయనకి పొద్దుటినుంచి రాత్రిదాకా వార్తలు ఉండాలి. వార్తలు చదివే ఆవిడ గొంతు వినిపిస్తోంది గానీ తెర నల్లగా ఉంది. వదినకు ఫోను చేస్తే డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. ఆమె మనసు ఎలా ఉందో ఏమోనని మేం ఫ్యాక్టరీ ఊసెత్తలేదు.

ఆమె కిటికీ తలుపులు మూసి, సంచిలోంచి టార్చిలైటు తీసి, నల్లటి తెరకి దగ్గరగా, కాస్త ఏటవాలుగా వెలుగు వేసింది. "ఇటు వచ్చి చూడండి నాన్నా" అంది. ఆ చిన్న వెలుగు గుండ్రంలో వార్తలావిడ ముఖం ఉంది. పలచగా, బూడిద రంగులో, నీటి అడుగున కనిపించినట్టు. పెదవులు కదులుతున్నాయి. వదిన టార్చిని పక్కకి జరిపితే భుజం, కిందికి జరిపితే పరుగెత్తే అక్షరాలు. మామగారు కుర్చీలోంచి లేచి వచ్చి కూతురి భుజం పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"బొమ్మ ఎక్కడికీ పోలేదు నాన్నా. దాని వెనకుండే దీపాలు పోయాయి, అంతే."

"అంటే ఇంతసేపూ ఆవిడ చీకట్లో చదువుతోందా?"

"చీకట్లోనే చదువుతోంది."

ఆరేళ్ళు కూడా నిండని సెట్టు. వదిన నన్ను అడిగింది ఏళ్ళు కాదు. "రోజుకి ఎన్ని గంటలు నడుస్తుంది మరిదిగారూ?" అంది. పద్నాలుగు అన్నాను. వేళ్ళమీద లెక్కవేసి, ముప్ఫై వేలకి దగ్గరపడింది, పైగా అలమారలో ఇరికించారు, వెలుగు చిట్టచివరిదాకా పెంచి పెట్టారు, ఇన్నాళ్ళు రావడమే గొప్ప అంది. దీపాలు మార్చవచ్చుగా అని అడిగాను. మార్చవచ్చు గానీ ఈ మోడలుకి విడిభాగాలు రావడం ఆగిపోయిందట. ఆదివారం అందరం కలిసి షాపుకి వెళ్ళాం.

అక్కడ గోడంతా టీవీలే. అన్నింట్లోనూ పూలు, సీతాకోకచిలుకలు, కళ్ళు చెదిరిపోయే రంగులు. నా కన్ను అద్దమంత పలచగా ఉన్న ఒకదాని మీద పడింది. సేల్స్‌మన్ అది కనిపెట్టేశాడు.

"మంచి సెలెక్షన్ సార్. ఇది లక్ష గంటలు గ్యారంటీగా వస్తుంది."

"ఈ మోడలు వచ్చి ఎన్నాళ్ళైంది బాబూ?" అంది వదిన.

"కొత్తది మేడమ్. ఎనిమిది నెలలు."

"లక్ష గంటలంటే ఆపకుండా వెలిగించినా పదకొండేళ్ళు దాటాలి. ఎనిమిది నెలల్లో ఎవరు కొలిచారు?"

అతను నిజాయితీగా నవ్వేశాడు. "మాకు అలా చెప్పమన్నారు మేడమ్" అన్నాడు. ఆ తర్వాత ఆమె వెనకే తిరుగుతూ ఆమె ఏం చేస్తుందో చూడడం మొదలుపెట్టాడు.

ఆమె ముందు రిమోటు అడిగి, షాపువాళ్ళు పెట్టిన ఆ కళ్ళు చెదిరే వెలుగును ఇంట్లో చూసేంతకి తగ్గించింది. సగం టీవీలు అక్కడే వెలవెలబోయాయి. మిగిలినవాటిలో బూడిద రంగు బొమ్మ పెట్టించి మరకలేమైనా ఉన్నాయేమో చూసింది. నేను మోజుపడ్డ పలచటిదాని వెనక చెయ్యిపెట్టి, నా చెయ్యి కూడా లాగి పెట్టించింది. "ఇంత సన్నగా ఉంటే వేడి ఎటు పోతుంది మరిదిగారూ?" అంది. ఇంకొకదానిలో నలుపు ఎంత అందంగా ఉందంటే నేను నోరు తెరుచుకుని చూశాను. ఆమెకి కూడా అది నచ్చింది. దాని ముందు కాసేపు ఆగింది కూడా. కానీ తల అడ్డంగా ఊపింది. "సినిమాలు చూసేవాళ్ళకైతే ఇదే తీసుకోమంటాను. నాన్న రోజంతా ఒకే ఛానల్ పెడతారు. కింద ఆ పట్టీ, మూల ఆ గుర్తు ఎప్పుడూ ఒకేచోట ఉంటాయి. ఇలాంటి తెరకి అవి మచ్చల్లా అంటుకుపోతాయి." ఆ తర్వాత మీట నొక్కగానే మెనూ ఎంతసేపటికి వస్తోందో చూసింది. తెర బాగానే ఉన్నా లోపలి బుర్ర మొద్దుబారి జనం సెట్లు పారేస్తున్నారట ఈమధ్య. విడిభాగాలు ఎన్నేళ్ళు దొరుకుతాయో సేల్స్‌మన్ చేత కంపెనీకి ఫోను చేయించి మరీ కనుక్కుంది.

చివరికి ఆమె ఎంచింది గోడ చివరనున్న, కాస్త లావుపాటి వీపుతో, వెనకంతా గాలి కన్నాలున్న మధ్యరకం సెట్టు. నేనైతే దాని వైపు చూసి కూడా ఉండను. మామగారు దాని ముందు కూర్చుని, కూతురు వెలుగు తగ్గించి ఇచ్చిన తెరను చాలాసేపు చూశారు. "కళ్ళు లాగడం లేదమ్మాయ్" అన్నారు. అంతే, అదే తీసుకున్నాం. తన ఉద్యోగం సంగతే ఎటూ తేలని ఆ రోజుల్లో ఆమె మూడు గంటలు నిలబడి మాకోసం ఆ పని చేసింది. ఇంటికి వచ్చేదాకా మాకు ఆ మాటే తట్టలేదు.

పన్నెండు వారాలూ నిండాక ఇంజనీరు ఆమెను పిలిచాడు. తన చేత్తో రాసుకున్న కాగితం ఆమె ముందు పెట్టాడు. నట్టనడుమకి మార్చిన నలభై ఎనిమిదో సెట్టు, అంతకుముందు ఏడు నెలల్లో తగ్గినంత ఆ పన్నెండు వారాల్లో తగ్గింది. దాని చల్లని మూలకి వెళ్ళిన ఇరవై ఒకటి దాదాపు తగ్గడమే మానేసింది. "మీ కొలతలు సరిగ్గా ఉన్నాయమ్మా. నేనే తొందరపడ్డాను" అన్నాడు ఆయన, లేచి నిలబడి.

ఇంకెవరైనా అయితే ఆ మాటతో తృప్తిపడి ఇంటికి వచ్చేవాళ్ళు. వదిన ఒక సంచి బల్లమీద పెట్టింది. అందులో ఇంతకుముందు నాలుగు విడతలుగా నడిపి తీసేసిన సెట్ల పుస్తకాలు ఉన్నాయి. ప్యాకింగులో ఉన్న రోజుల్లో తిండి వేళ అవే ముందేసుకుని కూర్చునేదట.

"నా లెక్కలు సరిగ్గా లేవండి. ఈ నాలుగు విడతల్లోనూ ఆ మూల పెట్టిన సెట్టే బాగా వచ్చింది. మూడుసార్లు మొదటి స్థానం, ఒకసారి రెండో స్థానం. నేను మంచి సెట్టు అనుకుంటూ వచ్చాను. అది మంచి చోటు. పై వరసల్లో ఉన్నవి త్వరగా పోయాయి, అవి చెడ్డ సెట్లు అని రాశాను. అది వేడి. పందొమ్మిదేళ్ళ నా లెక్కలు మళ్ళీ చూడాలండి."

ఆయన కూర్చుని మొదటి పుస్తకం తెరిచాడట. ఆమెకు అనుకూలంగా తీర్పు వచ్చిన రోజునే ఆమె తన జీవితకాలపు పనిని తీసుకొచ్చి తప్పుందని చూపించింది. ఆయన ఆ తర్వాత ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు ఈ సంగతి తనే చెప్పాడు. "నేను చాలా చదువుకున్నానండీ, ఇలాంటి మనిషిని మాత్రం చూడలేదు" అన్నాడు. వదిన అప్పుడు వంటింట్లో ఉంది. వినలేదు.

లెక్కలు తిరగేయడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇద్దరూ కలిసి చేశారు. అందులోంచి బయటపడింది ఏమిటంటే, సెట్టు ఎక్కడ తయారైంది, ఎంత ఖరీదు అన్నవాటి కంటే దాని వీపుకి తగిలే గాలి, దానికి పెట్టిన వెలుగు, ఈ రెండే ఎక్కువగా దాని ఆయుష్షును నిర్ణయిస్తున్నాయి. సెట్టుతో పాటు ఇచ్చే చిన్న పుస్తకంలో ఒక వాక్యం చేర్చాలన్నారు. ఇంజనీర్లు సెంటీమీటర్లతో, గాలి ప్రసరణతో బారెడు వాక్యం రాశారు. వదిన దాన్ని కొట్టేయించి ఇలా రాయించింది: "టీవీ వెనక మీ చెయ్యి హాయిగా పట్టేంత ఖాళీ ఉంచండి." ఇప్పుడది ఇరవై రెండు భాషల్లో అచ్చవుతోంది. నేను ముప్ఫై ఏళ్ళుగా ఇతరుల వాక్యాలు దిద్దుతున్నాను. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివినా దిద్దడానికి నాకేమీ దొరకలేదు.

గదిని మళ్ళీ కట్టారు. ర్యాకులు గోడకి దూరంగా, గాలి అన్నింటికీ ఒకేలా తగిలేట్టు, ఆమె కాగితం మీద గీసిచ్చిన ప్రకారమే వేశారు. ఈసారి సెట్లను నిండు వెలుగులో కాక, ఇళ్ళలో జనం చూసే వెలుగులో నడపాలని నిర్ణయించారు. అలా అయితే సగానికి పడడానికి ఎనిమిదేళ్ళు పడుతుందని ఇంజనీరు అంచనా. వదిన ఉద్యోగం ఇంక ఐదేళ్ళే ఉంది. ఆ సంగతి ఆయన మెల్లగా గుర్తుచేశాడు.

"తెలుసండి. చివరి పేజీలు ఇంకొకరు రాస్తారు. గీతలు గీసి ఉంచుతాను" అందామె.

కొత్త విడత మొదలుపెట్టే ఉదయం ఫ్యాక్టరీ పెద్దలు నలుగురైదుగురు వచ్చారు. అందరికీ నల్లకోట్లు ఇచ్చారు. మీట నొక్కమని వాళ్ళలో పెద్దాయన వదినకే చెప్పాడు. ఆమె నొక్కింది. నలభై ఎనిమిది తెరలూ ఒక్క క్షణం నల్లగా ఉండి, ఒక్కసారే తెల్లబడ్డాయి. మొదటి కొలత ఎప్పుడు తీస్తారని ఎవరో అడిగారు.

"సెట్టు కుదురుకోవడానికి గంట పడుతుందండి. గంటాగి తీయాలి" అంది ఆమె, కోటు సర్దుకుని, ర్యాకుకి ఎదురుగా నేలమీద కూర్చుంటూ.

ఆ గదిలో కుర్చీలు ఉండవు. ఇంజనీరు ఆమె పక్కన కూర్చున్నాడు. పెద్దాయన ఒకసారి తలుపు వైపు చూసి, ప్యాంటు కాస్త పైకి లాక్కుని, ఆయన కూడా నేలమీద కూర్చున్నాడు. మిగతావాళ్ళూ కూర్చున్నారట.